లారీ డ్రైవరన్నకు నిద్ర ఎక్కడ?

"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు మన పెద్దలు. ఇందులో మొదటి సగం మా మెస్సులో రోజూ రుజువవుతూనే ఉంటుంది కాబట్టి దాని జోలికి మేము పోదలచుకోలేదు. రెండో సగం గురించే ఈ వ్యాసం.

మా హాస్టల్లో రాత్రి తొమ్మిదిన్నరకు స్టడీ అవరు ముగుస్తుంది. వార్డెన్ గారు అటెండెన్సు తీసుకుంటారు. గేటుకు తాళం పడుతుంది. వరండాలో ఒక బల్బు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. వాచ్‌మన్ తాత రాత్రి రెండుసార్లు కర్ర తాటించుకుంటూ చుట్టూ తిరిగి వస్తాడు. తాళం వేస్తే మాకు కోపం, బల్బు వెలిగితే నిద్ర పట్టదని సణుగుడు, కర్ర చప్పుడుకు చిరాకు. కానీ మాలో నలుగురి నాన్నలు లారీ డ్రైవర్లు. ఇద్దరి అన్నలు క్లీనర్లు. అదే సమయానికి వాళ్ళు ఏ రోడ్డు పక్కన ఉన్నారో, ఏ బంకులో ఉన్నారో మాకు తెలియదు. వాళ్ళకు గేటు లేదు. కాపలా లేదు. వచ్చావా, పడుకున్నావా అని అటెండెన్సు తీసుకునే నాథుడు లేడు. మేము విసుక్కునే ఆ మూడింటి విలువ మాకు తెలిసివచ్చిన సంగతి మొదట చెప్తాము.

మాలో ఒకడు దసరా సెలవుల్లో నాన్నతో కలిసి ఒక ట్రిప్పు వెళ్ళాడు. రాత్రి పదకొండు గంటలకు మైదాన ప్రాంతంలోని ఒక గోడౌన్ దగ్గరికి లోడు చేరింది. గేటు మూసి ఉంది. "పొద్దున ఎనిమిదింటికి అన్‌లోడు, గేటు ముందు ఆపొద్దు, అవతలకి తీసెయ్" అన్నాడు కాపలావాడు. అవతల అంటే రోడ్డు అంచు. అక్కడే ఆపి పడుకున్నారు. తెల్లవారుజామున మూడు గంటల వేళ డీజిల్ ట్యాంకు దగ్గర చప్పుడు. మావాడు తలుపు తీయబోతే వాళ్ళ నాన్న చెయ్యి పట్టి ఆపి, దిగకుండానే హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కి ఉంచాడట. ఇద్దరు మనుషులు డబ్బాలతో చీకట్లోకి పరుగెత్తారు. పొద్దున చూస్తే ట్యాంకులో సగం డీజిల్ లేదు. ఓనరు ఆ డబ్బును ఆయన బత్తాలోంచే పట్టుకున్నాడు. "డీజిల్ పోతే బత్తా పోయిందిరా, దిగి ఉంటే నేనే పోయేవాణ్ణి" అన్నాడట ఆయన. ఆ మాట మావాడు హాస్టల్‌కు వచ్చి చెప్పిన రాత్రి మాకెవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

అందుకే వార్షికోత్సవ సంచికకు ఏదో ఒకటి రాయమని మాస్టారు అడిగినప్పుడు, చెట్లు నాటాలి, చదువుకోవాలి అని ఏటా రాసేవి పక్కన పెట్టి ఈ విషయం తీసుకున్నాము. మూడు ఆదివారాలు కొయ్యూరులో రోడ్డు పక్కన ఆగిన లారీల దగ్గరికి వెళ్ళి డ్రైవర్లను, క్లీనర్లను పలకరించాము. కొందరు టీ తాగించి మాట్లాడారు. కొందరు "పోండిరా, పడుకోనివ్వండి" అన్నారు. వాళ్ళదీ న్యాయమే!

మన ఊరికి ఈ సమస్య ఎందుకు?

కొయ్యూరు కొండకు గుమ్మం లాంటిది. నర్సీపట్నం వైపు నుంచి బియ్యం, సిమెంటు, ఇనుము, ఎరువులు పైకి వెళ్ళాలి. పైనుంచి చింతపండు, జీడిపిక్కలు, వెదురు, కాఫీ, మిరియాలు కిందికి దిగాలి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఇ జాతీయ రహదారి మన మండలం గుండానే పోతుంది. రోడ్డు పెద్దదైతే లారీలు పెరుగుతాయి. లారీలు పెరిగితే రాత్రి ఆగే లారీలూ పెరుగుతాయి. చీకట్లో ఘాట్ ఎక్కడం ఇష్టంలేని డ్రైవరు కింద ఆగిపోతాడు, పొగమంచులో దిగడం ఇష్టంలేనివాడు పైన ఆగిపోతాడు. ఇద్దరూ తెలివైనవాళ్ళే. కానీ ఆగడానికి చోటు చూపించకుండా "ఆగి ఆగి వెళ్ళండి" అని బోర్డులు పెడితే ఏం లాభం?

ఎక్కడ ఆపాలి?

మేము అడిగిన పాత డ్రైవర్లందరూ మొదట చెప్పింది ఒక్కటే. దొంగ కంటే ముందు భయపడాల్సింది వెనక నుంచి వచ్చే బండికి. రోడ్డు అంచున ఆగిన లారీని చీకట్లో వెనకనుంచి గుద్దిన ప్రమాదం గురించి పేపర్లో చదవని వారం ఉండదు. గుద్దినవాడూ పోతాడు, నిద్రలో ఉన్నవాడూ పోతాడు. కాబట్టి తారు మీద గానీ, తారు అంచున గానీ, మలుపులో గానీ ఆపి పడుకోకూడదు. పెట్రోలు బంకులో అడిగి ఆపుకోవాలి, లేదా నాలుగు లారీలు ఆగిన డాబా దగ్గర, లైటు ఉన్నచోట ఆపుకోవాలి. బండి చెడిపోయి తప్పనిసరిగా రోడ్డు మీదే ఆగిపోతే నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, వెనక దూరంగా ఎర్ర త్రికోణం బోర్డు పెట్టి, క్యాబిన్‌లో పడుకోకుండా రోడ్డుకు దూరంగా కూర్చోవాలి. జాతీయ రహదారి మీదైతే 1033 కు ఫోను చేయాలి. వెనక రేడియం స్టిక్కర్ మట్టి కొట్టుకుపోయి ఉంటే లేనట్టే. దాన్ని తుడవడానికి ఒక గుడ్డ, ఒక నిమిషం చాలు.

పల్లంలో ఆపితే హ్యాండ్ బ్రేకు ఒక్కదాన్నే నమ్మరు. గేరులో ఉంచి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెడతారు. ఇక్కడ ఒక డ్రైవరు మాకొక పాఠం చెప్పాడు. "పెట్టిన రాయిని పొద్దున తీసి పక్కన పారేసేవాడే డ్రైవరు. రోడ్డు మీద వదిలేసినవాడు హంతకుడు" అన్నాడు. ఆ రాయి తగిలి రాత్రి బైకు మీద వచ్చేవాడు పడితే వాడి ఇంట్లో దీపం ఆరిపోతుంది. మన భద్రత కోసం పెట్టుకున్న రాయి ఇంకొకడి తలకు తగలకూడదు కదా!

ఎండాకాలం మధ్యాహ్నాలు, ఉక్కబోసే రాత్రులు చాలామంది లారీ కింద నీడన గుడ్డ పరుచుకుని పడుకుంటారు. కింద మనిషి ఉన్నాడని తెలియక ఎవరో బండి తీస్తే ఏమవుతుందో మేము రాయలేము. మన ఏజెన్సీలో అయితే పాములు, తేళ్ళు అదనం. లోడు మీద పడుకుంటే నిద్రలో దొర్లి కిందపడతారు. కరెంటు తీగలు కిందికి వేలాడే చోట ఇంకా ప్రమాదం. ఎంత ఇరుకైనా నిద్రకు క్యాబినే మేలు.

తలుపు వేసుకున్నాక

ముందు తాళం చెవి. అది బండికి ఉండకూడదు, జేబులోనో దిండు కిందో ఉండాలి. రెండు తలుపులూ లోపలినుంచి గడియపెట్టాలి. పాత బళ్ళకు గడియ సరిగా పడదు. అందుకని కొందరు రెండు తలుపుల పిడులను లోపల తాడుతో కలిపి కట్టుకుంటారు. బయటనుంచి లాగితే తలుపు రాదు. మంచి ఉపాయమే గానీ ముడి మాత్రం ఒక్క లాగుకు ఊడే ముడి కావాలి. బండికి నిప్పంటుకుంటే పీటముడి విప్పుతూ కూర్చోలేము.

అద్దం పూర్తిగా దించితే చెయ్యి లోపలికి వస్తుంది. పూర్తిగా ఎక్కిస్తే గాలి ఆడదు. వేలు దూరేంత సందు రెండువైపులా ఉంచాలి. బత్తా డబ్బు అంతా ఒకేచోట పెట్టకూడదు. 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. కాబట్టి చేతిలో ఎక్కువ నగదు పెట్టుకోవలసిన అవసరం తగ్గింది. దొంగ వచ్చాడని తెలిస్తే దిగి కలబడకూడదు. హారన్ కొట్టాలి, లైట్లు వెయ్యాలి, 112 కు ఫోను చెయ్యాలి. స్టెప్నీ, బ్యాటరీ, టార్పాలిన్ మళ్ళీ కొనుక్కోవచ్చు. బయలుదేరేముందు ఈ రాత్రి ఎక్కడ ఆగుతానో ఇంటికి ఒక్క మాట చెప్పడం మంచిది. అది మాకు అటెండెన్సు తీసుకున్నట్టే.

ఇక దోమలు. మన ఏజెన్సీలో మలేరియా ఎంత పీడిస్తుందో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పైనుంచి వచ్చిన డ్రైవరు ఇక్కడ ఒక్క రాత్రి అద్దం దించుకుని పడుకుని, పది పన్నెండు రోజుల తర్వాత ఎక్కడో ఒడిశాలోనో తమిళనాడులోనో చలిజ్వరంతో స్టీరింగ్ పట్టుకుంటాడు. కొందరు క్యాబిన్ లోపల దోమల చుట్ట వెలిగించి పడుకుంటారు. మూసిన క్యాబిన్‌లో ఆ పొగ మంచిది కాదు. పైగా చుట్ట పక్కనే పరుపు, దుప్పటి ఉంటాయి. అద్దం సందుకు సరిపోయే దోమతెర ముక్క కుట్టించుకుని నాలుగు అయస్కాంతం బిళ్ళలతో అంటించుకున్న ఒక క్లీనరు అన్నను చూశాము. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

వాసన లేని శత్రువు

లంబసింగి చలి గురించి ఇప్పుడు రాష్ట్రమంతా తెలుసు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోయిన రోజులున్నాయి. టూరిస్టులకు అది సరదా. మైదానం నుంచి ఒక్క లుంగీ, ఒక్క దుప్పటితో వచ్చిన లారీ డ్రైవరుకు అది గండం. చలికి తట్టుకోలేక కొందరు బొగ్గుల కుంపటిని క్యాబిన్‌లో పెట్టుకుంటారు. వాన పడితే స్టవ్ లోపలే వెలిగించి వంట చేస్తారు. ఇంకొందరు ఇంజను నడుస్తుండగానే అద్దాలన్నీ ఎక్కించి పడుకుంటారు.

ఇది సైన్సు పాఠంలోని సంగతే. గాలి చాలని చోట బొగ్గు గానీ, ఇంధనం గానీ మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునేదానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. అంటే గాలి పీలుస్తున్నా ఒంటికి ప్రాణవాయువు అందదు. మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం తెలుస్తాయి. నిద్రపోయినవాడికి ఏమీ తెలియదు, మగతలోనే పోతాడు. దొంగ వస్తే చప్పుడవుతుంది, ఇది వస్తే చప్పుడు కూడా కాదు. కాబట్టి నిప్పుతో చలి కాచుకోవడం క్యాబిన్ బయటే అయిపోవాలి. లోపలికి ఇంకో దుప్పటి, ఉన్ని టోపీ, మేజోళ్ళు మాత్రమే రావాలి. ఎవరైనా క్యాబిన్‌లో అలా పడి ఉంటే ముందు తలుపులు తీసి గాలి ఆడేచోటికి చేర్చి 108 కు ఫోను చెయ్యాలి. మేము పదో తరగతి పరీక్షకు బట్టీపట్టే విషయాల్లో ఇది ఒక ప్రాణం నిలబెట్టగలదని ఈ వ్యాసం రాస్తుంటేనే తెలిసింది.

మత్తు స్ప్రే, దొంగ ఆఫీసర్లు

డ్రైవర్లలో ఒక మాట బాగా వినిపించింది. దొంగలు అద్దం సందులోంచి మత్తు స్ప్రే కొట్టి, మనిషి స్పృహ తప్పాక దోచుకుంటారని. ఇదే మాట ఐరోపా దేశాల లారీ డ్రైవర్లలోనూ ఉంది. బ్రిటన్‌లో మత్తు డాక్టర్ల సంస్థ అయిన రాయల్ కాలేజ్ ఆఫ్ అనస్తటిస్ట్స్ దీని మీద తన అభిప్రాయం చెప్పింది. కిటికీలోంచి మందు కొట్టి మనిషికి తెలియకుండా మత్తులోకి దించడం సాధ్యం కాదని, అంత మందు కావాలంటే మోయలేనంత అవుతుందని, దాని ఘాటుకే మనిషి లేస్తాడని దాని సారాంశం. మరి లేవకుండా ఎలా పడుకున్నారు? ఇరవై గంటలు బండి నడిపినవాడికి మత్తుమందు ఎందుకు? అలసటే చాలు.

కానీ నమ్మదగిన ప్రమాదం ఒకటుంది. తెలియని మనిషి స్నేహం చేసి ఇచ్చే టీలో, బిస్కెట్లలో, కూల్‌డ్రింకులో మత్తుమందు కలపడం. రైళ్ళలో, బస్సుల్లో ఇది ఎన్నోసార్లు జరిగింది. లారీ ఎక్కించుకున్న కొత్త ప్యాసింజరు ఇచ్చింది తినకపోవడం అమర్యాద కాదు.

ఇంకొకటి మన రాష్ట్రంలోనే జరిగింది. 2008 లో ఒంగోలు ప్రాంతంలో ఒక ముఠా అధికారుల్లా నటిస్తూ హైవే మీద లారీలను ఆపి, డ్రైవర్లను, క్లీనర్లను గొంతుకు తాడు బిగించి చంపి, శవాలను పాతిపెట్టి, సరుకు అమ్ముకుని, లారీలను ముక్కలు చేసి మాయం చేసింది. చనిపోయినవాళ్ళ ఇళ్ళల్లో నాన్న ట్రిప్పు నుంచి ఎప్పుడొస్తాడో అని ఎదురుచూస్తూనే ఉన్నారు. 2021 మే నెలలో ఒంగోలు కోర్టు ఆ కేసుల్లో 12 మందికి మరణశిక్ష విధించింది. విచారణకే పన్నెండు పదమూడేళ్ళు పట్టింది. అర్ధరాత్రి ఎవరైనా బండి ఆపమంటే లైట్లు, మనుషులు ఉన్నచోటికి నెమ్మదిగా పోనిచ్చి ఆపాలని, దిగకముందే గుర్తింపు కార్డు చూపించమని అడగాలని, అనుమానం వస్తే 112 కు చెప్పాలని మాతో మాట్లాడిన డ్రైవర్లు అంటారు. నిజమైన పోలీసు దీనికి కోపగించుకోకూడదు. మన రాష్ట్రంలో పోలీసులే కొన్నిచోట్ల అర్ధరాత్రి లారీలు ఆపి డ్రైవర్లతో ముఖం కడిగించి పంపే మంచి పని చేశారు. ఆపిన ప్రతివాడూ దొంగ కాదు, ఖాకీ వేసిన ప్రతివాడూ పోలీసు కాదు.

తప్పంతా డ్రైవరుదేనా?

ఇంతవరకు రాసినవన్నీ డ్రైవరు తీసుకోవాల్సిన జాగ్రత్తలు. ఇక్కడితో ఆపేస్తే మేము కూడా ఆ గోడౌన్ కాపలావాడిలాగే "అవతలకి తీసెయ్" అన్నట్టవుతుంది. అసలు ప్రశ్న ఏమిటంటే, పని చేసే మనిషికి పడుకునే చోటు చూపించవలసింది ఎవరు?

దీనికి చట్టం ఎప్పుడో జవాబు చెప్పింది. 1961 లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అంది. రాత్రి ఆగవలసిన ప్రతిచోటా యజమాని వెలుతురు, గాలి ఉన్న విశ్రాంతి గదులు గానీ తగిన వేరే వసతి గానీ చూపాలని అంది. మేము పలకరించిన డ్రైవర్లలో ఈ మాట విన్నవాడు ఒక్కడూ లేడు. ఎందుకంటే ఆ చట్టం ఐదుగురు లేక అంతకంటే ఎక్కువమంది కార్మికులున్న సంస్థలకే వర్తించేది. మన దగ్గర ఒకటి రెండు లారీల ఓనర్లే ఎక్కువ. వాళ్ళలో చాలామంది నిన్నటి డ్రైవర్లే, ఫైనాన్సు కిస్తీలకు నిద్రపట్టనివాళ్ళే. తర్వాత 2020 లో పార్లమెంటు ఆ చట్టాన్ని వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిపేసింది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పుస్తకం మారింది. రోడ్డు పక్కన పడక మాత్రం మారలేదు.

2020 లోనే సేవ్ లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ దేశంలో 10 రవాణా కేంద్రాల్లో 1,200 మందికి పైగా డ్రైవర్లను అడిగితే, దాదాపు సగం మంది అలసిపోయి, నిద్ర ముంచుకొస్తున్నా బండి నడుపుతున్నామని ఒప్పుకున్నారు. నిద్రకు భద్రమైన చోటు లేకపోతే మనిషి చేసేది అదే. ఇంకో యాభై కిలోమీటర్లు పోదాం, అక్కడేదైనా దొరుకుతుంది అనుకుంటాడు. ఆ యాభై కిలోమీటర్లలోనే కన్ను మూతపడుతుంది. రాత్రి రెండు నుంచి ఐదు దాకా మన శరీరమే నిద్ర కోరుతుంది. దాన్ని టీతో, బీడీతో, ఖైనీతో ఎంతసేపు మోసం చేస్తాము? కాబట్టి లారీ డ్రైవరు నిద్ర లారీ డ్రైవరుకే సంబంధించిన విషయం కాదు. ఎదురుగా వచ్చే ఆటోలో ఉన్నవాళ్ళది, సైకిలు మీద బడికి పోయే మాది కూడా.

కొన్ని మంచి పనులు జరగలేదని మేము అనము. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల దగ్గర రాత్రుళ్ళు వరుసకట్టే బాధ పోయింది. ప్రభుత్వరంగ ఆయిల్ కంపెనీలు హైవే బంకుల్లో 'అప్నా ఘర్' పేరుతో మంచాలు, స్నానాల గదులు, వంట చేసుకునే చోటు, తాగునీరు ఉన్న విడిది గదులు కట్టాయి. 2024 ఫిబ్రవరిలో ప్రధాని జాతీయ రహదారుల మీద 1,000 విశ్రాంతి భవనాలు కడతామని ప్రకటించారు. 2025 నుంచి కొత్తగా తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. సంతోషమే. కానీ మన రోడ్ల మీద తిరిగేవి ఎక్కువగా పాత బళ్ళు. విడిది గదులు పెద్ద హైవేల మీద ఉన్నాయి గానీ కొండ దారుల్లో కనపడవు. పైగా చాలామంది డ్రైవర్లు మంచం ఉన్నా అక్కడ పడుకోరు. బండి వదిలి వెళ్తే డీజిల్‌కు, సరుకుకు ఎవరు పూచీ? పోయింది బత్తాలోంచి పట్టుకుంటారు కదా! మంచం ఒక్కటీ వేస్తే చాలదు, బండికి కాపలా కూడా ఉంటేనే ఆ మంచం మీద నిద్ర పడుతుంది.

బయటి దేశాల్లో

అమెరికాలో జేసన్ రివెన్‌బర్గ్ అనే లారీ డ్రైవరు 2009 మార్చిలో పాల లోడుతో సౌత్ కరోలినా రాష్ట్రానికి వెళ్ళాడు. దించే సమయానికంటే ముందే చేరాడు. ఆగడానికి భద్రమైన చోటు దొరకక మూతపడ్డ ఒక పెట్రోలు బంకులో ఆపాడు. అక్కడే అతణ్ణి కాల్చి చంపి దోచుకున్నారు. దొరికింది 7 డాలర్లు. అప్పటికి అతని భార్య హోప్ గర్భిణి. తర్వాత ఆమెకు కవలలు పుట్టారు. ఆమె ఊరుకోలేదు. తోటి డ్రైవర్లను, ప్రజాప్రతినిధులను కలిసి పోరాడింది. 2012 లో లారీల పార్కింగ్‌కు నిధులు వాడుకునేలా, ఏ రాష్ట్రంలో ఎంత కొరత ఉందో లెక్క తీసేలా చట్టం వచ్చింది. దాన్ని జేసన్స్ లా అనే పిలుస్తారు. ముందే చేరడం, గేటు తెరవకపోవడం, చీకట్లో ఆపడం చదువుతుంటే మాకు మావాడి దసరా ట్రిప్పే గుర్తుకొచ్చింది. అంత డబ్బున్న దేశంలోనూ లారీ డ్రైవరు పరిస్థితి అదే!

ఐరోపా దేశాల్లో రోజుకు 9 గంటల డ్రైవింగ్ అనే లెక్క ఉంది. వారానికి ఒకసారి తీసుకునే 45 గంటల విశ్రాంతిని క్యాబిన్‌లో గడపకూడదని, యజమాని తన ఖర్చుతో బయట వసతి చూపాలని 2020 నుంచి స్పష్టమైన నియమం పెట్టారు. క్యాబిన్ పనిచేసే చోటు, బతికే చోటు కాదు అన్నది దాని భావం. మన చట్టం 1961 లోనే ఆ దారిలో ఆలోచించింది. ఆలోచనలో మనం వెనకబడలేదు, ఆచరణలో వెనకబడ్డాము.

మేము కోరేది

మేము చిన్నవాళ్ళం. పెద్ద కోరికలు కోరము.

ఒకటి, కొయ్యూరులో, ఘాట్ మొదట్లో, నర్సీపట్నంలో ఒక్కొక్క చోట ఇరవై లారీలు పట్టే స్థలం చదును చేసి, నాలుగు లైట్లు, రెండు మరుగుదొడ్లు, ఒక నీళ్ళ కుళాయి, ఒక వాచ్‌మన్‌ను పెట్టాలి. రాత్రికి కొద్దిపాటి రుసుము తీసుకున్నా డ్రైవర్లు ఇస్తామన్నారు.

రెండు, లోడు దించుకునే ఫ్యాక్టరీలు, గోడౌన్లు, మిల్లులు రాత్రి వచ్చిన లారీని గేటు లోపలికి రానివ్వాలి. సరుకు వాళ్ళదే, సరుకుతో వచ్చిన మనిషి మాత్రం పరాయివాడా? దీనికి పైసా ఖర్చు లేదు, ఒక తాళం తీస్తే చాలు.

మూడు, నిద్రలో దొంగతనం జరిగితే ఆ డబ్బు బత్తాలోంచి పట్టుకునే పద్ధతి పోవాలి. దానికోసమే ప్రాణాలకు తెగించి డ్రైవర్లు బండి దిగుతున్నారు. కొందరు ఓనర్లు "ఇలా అయితే వాళ్ళే అమ్ముకుని దొంగలు పట్టుకుపోయారంటారు" అని మాతో అన్నారు. అలాంటివాళ్ళు లేరని మేము అనము. కానీ ఒకడు చేసిన తప్పుకు అందరినీ చీకట్లోకి దింపడం న్యాయమా? పోలీసు స్టేషన్లో రాసిచ్చిన కంప్లైంటును నమ్మవచ్చు కదా!

నాలుగు, సెలవుల్లో మాలాంటి పిల్లల్ని క్లీనర్లుగా ఎక్కించుకోవడం మానాలి. సరదాగా ఒక ట్రిప్పు వెళ్ళి, చేతిలో నాలుగు నోట్లు పడేసరికి మళ్ళీ బడి ముఖం చూడనివాళ్ళు మాకు తెలుసు. పోయినేడు మా గదిలో ఉన్న ఒకడి పెట్టె ఇంకా ఇక్కడే ఉంది. వాడు రాలేదు.

చివరిగా ఒక మాట. మన రోడ్డు ఉత్త రోడ్డు కాదు. 1920 ల మొదట్లో నర్సీపట్నం నుంచి గూడెం కొండలకు రోడ్డు వేయించడానికి బ్రిటిష్ వాళ్ళ కింది అధికారులు గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించారు. ఆ కడుపుమంట 1922 లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో తిరుగుబాటుగా లేచింది. 1924 మే 7 న ఆయన మన కొయ్యూరులోనే తుపాకి గుండ్లకు ఒరిగిపోయారు. 2022 నుంచి మన జిల్లాకు ఆయన పేరే ఉంది. రోడ్డు వేసినవాడి ఒళ్ళు అలసట ఆనాటి దొరలకు పట్టలేదు. ఆ రోడ్డు మీద బండి నడిపేవాడి నిద్ర ఈనాడు మనకు పట్టకపోతే, ఏటా ఆయన విగ్రహానికి దండ వేసి ఏం ప్రయోజనం?

ఈ సంచిక అచ్చయి వచ్చాక మాలో నలుగురు తమ నాన్నలకు ఒక్కొక్క కాపీ ఇస్తారు. వాళ్ళలో ఇద్దరికి చదవడం రాదు. మేమే చదివి వినిపిస్తాము. వాసన లేని శత్రువు గురించి రెండుసార్లు చదువుతాము.

ఈ రాత్రి కూడా గేటుకు తాళం పడింది. వాచ్‌మన్ తాత కర్ర చప్పుడు వినిపిస్తోంది. ఇక మేము విసుక్కోము.